గోడకి వేలాడుతున్న క్లచ్ ప్లేటు

నా చెల్లెలి మొగుడు షెడ్డు పెట్టి నలభై ఏళ్ళయిందనీ, అతని గురించి నాలుగు ముక్కలు రాసిమ్మనీ మెకానిక్కుల సంఘంవాళ్ళు నా దగ్గరికొచ్చారు. మా ఇద్దరికీ పడదని వాళ్ళకి తెలియక కాదు. మా పేటలో కుదురుగా నాలుగు వాక్యాలు రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వచ్చారు. రాస్తున్నాను. మెచ్చుకుంటానని మాత్రం మాటివ్వలేదు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే అతని సంగతి అర్థం కాదు. ఊరి బళ్ళో ఏడో తరగతి వరకు చదివాను, లెక్కల్లో ఎప్పుడూ మొదటివాణ్ణే. ముప్పై ఎనిమిదేళ్ళు స్టీరింగు పట్టాను. లారీ తోలాను, బస్సు తోలాను, ఆఫీసరుగారి జీపు పదేళ్ళు తోలాను. ఒక్క బండికీ గీత పడనివ్వలేదు. రెండువందల పన్నెండుమందికి డ్రైవింగు నేర్పాను. రైలుగేటు మిట్ట మీద బండి ఆగితే, డ్యాష్‌బోర్డు మీద అంచుదాకా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టి, బ్రేకు ముట్టకుండా, క్లచ్చు సగం వదిలి, యాక్సిలరేటరు కాస్త తొక్కి, గేటు తెరిచేదాకా బండిని అక్కడే నిలబెట్టేవాణ్ణి. చుక్క తొణికేది కాదు. మా పేటలో డ్రైవరంటే ఆ గ్లాసు పరీక్ష నెగ్గినవాడే. ఆ పరీక్ష పెట్టింది నేనే.

ఇక అతను. బడి మొహం చూడలేదు. పదహారో ఏట లారీల వర్క్‌షాపులో చేరాడు. ఇంజన్ల మోతకి ముప్పై ఏళ్ళు నిండకుండానే చెవులు సగం పోయాయి. అప్పట్నుంచీ అందరికీ చెవిటి మేస్త్రీ. మిగతా మెకానిక్కులు చప్పుడు విని బండి జబ్బు చెబుతారు. ఇతను గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, బానెట్ ఎత్తి వాసన చూసి చెబుతాడు. చేతిలో పనుంది, కాదనను. నోట్లోనే మర్యాద లేదు. ఒక కంట్రాక్టరు కారు తెస్తే, "బండి బాగానే ఉంది, తోలేవాడికే వైద్యం కావాలి" అని పంపించేశాడు. ఆ కంట్రాక్టరు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు.

పదకొండేళ్ళ కిందట మా తమ్ముడింట్లో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు నన్నూ వదల్లేదు. "బావా, నీ గ్లాసు పరీక్ష క్లచ్చుల పాలిట చావు. నువ్వు నేర్పినవాళ్ళంతా తిన్నగా నా షెడ్డుకే వస్తున్నారు. నీ పుణ్యాన నాకు తీరిక లేదు" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. నేను విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి.

కిందటి వానాకాలం వరకు అలాగే సాగింది. మా అమ్మాయికి ఒక చిన్న కారుంది. రోజూ పొద్దున్నే నాలుగు ఆసుపత్రులు తిరిగి రక్తం సీసాల పెట్టె ల్యాబుకి చేరుస్తుంది. ఆలస్యమైతే ఆ రక్తం పనికిరాదు. సాయంత్రాలు కారు నేను తీసేవాణ్ణి. ఉన్నట్టుండి అది మిట్ట ఎక్కడం మానేసింది. ఇంజను అరుస్తుంది, బండి నత్తలా కదులుతుంది, కాలిన వెంట్రుకల వాసన. ఒకరోజు పెట్టె గంట ఆలస్యమైంది. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్ళకిస్తామని ల్యాబువాళ్ళు చెప్పేశారు.

"క్లచ్చు కాల్చావు. రేపట్నుంచి తాళం నా దగ్గరుంటుంది. పెట్టె నేను చేరుస్తాను, నువ్వింట్లో కూర్చో" అన్నాను.

"ఎవరు కాల్చారో తేలాక కూర్చుంటాను నాన్నా" అని, అది బండిని సరాసరి వాళ్ళ మావయ్య షెడ్డుకే తోలింది. నేను వెనకాలే నడిచి వెళ్ళాను.

రేకుల కప్పు, నల్లబడిన సిమెంటు నేల, గోడ నిండా మేకులకి స్పానర్లు. అతను నా వైపు చూడలేదు.

"ఏమ్మా, బండినొక్కదాన్నే తెచ్చావా, ఇంకేమైనా పాత సామాను తెచ్చావా."

"చెవులు పోయినా నోరు పోలేదు" అన్నాను.

"ఆఁ? ఏమంటున్నాడమ్మా మీ నాన్న."

"ఏం లేదు మావయ్యా, బండి చూడు."

క్లచ్ పెడల్ని చేత్తో నొక్కి చూశాడు. పైన వేలెడంత ఖాళీ ఆడింది. "కేబుల్ బానే ఉంది."

"కాస్త బిగిస్తే సరిపోయేదానికి ఇంత హడావిడా. నా బళ్ళకి నేనే బిగించుకునేవాణ్ణి" అని గట్టిగా చెప్పాను. ఇది వినపడింది.

"బిగిస్తే ఇంకా జారుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు తొక్కావు, దాని వెనకాల ఏముందో ఒక్కనాడైనా చూశావా బావా."

హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదిలాడు. క్లచ్చు మంచిదైతే ఇంజను అక్కడికక్కడే ఆగిపోవాలి. అది మూలుగుతూ తిరుగుతూనే ఉంది. "చూశావామ్మా, ప్లేటు పట్టడం లేదు. గేరుబాక్సు దించాలి."

బ్యాటరీ తీగ తీశాడు, యాక్సిళ్ళు లాగాడు, జాకీ మీద గేరుబాక్సుని పసిపిల్లని దించినట్టు దించాడు. అమ్మాయి లైటు పట్టుకుంది. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కసారిగా విప్పలేదు. అది వంకరపోకుండా ఎదురెదురుగా తలా కాస్త వదులు చేసుకుంటూ వచ్చాడు. లోపలి ప్లేటు చేతిలోకొచ్చింది. దాని రాపిడి అట్ట అరిగి రివెట్లు తేలాయి. అది ఆనుకునే ఇనప చక్రం మీద కాలిన నీలం మచ్చలు. ఇంజను వెనక ఆయిల్ సీలు చుట్టూ వేలు తిప్పి చూసుకున్నాడు, తడి లేదు.

"ఆయిల్ కారలేదు. ఎవరో క్లచ్చు మీద కాలు ఆనించే తోలుతున్నారు, ఇది ఆ కాలి పని."

"అదే కదా నేను చెప్పేది. దాని కాలి పనే" అన్నాను.

అతను చెయ్యి తుడుచుకుని డ్రైవరు తలుపు తీశాడు. "బావా, ఒకసారి ఎక్కి కూర్చో."

ఎక్కాను. ముప్పై ఎనిమిదేళ్ళు తోలినవాణ్ణి, సీట్లో కూర్చోవడానికి నాకు భయమేమిటి. అతను వంగి నా కాళ్ళకేసి లైటు కొట్టించాడు. ఆఫీసరుగారి జీపు తోలిన రోజుల్నుంచీ నా బూటు ముక్కుకి ఇనప బిళ్ళ కొట్టించుకుంటాను. క్లచ్ పెడల్ రబ్బరు ఎడమ అంచున నెలవంకలా కోసుకుపోయి ఉంది. నా బూటు బిళ్ళ సరిగ్గా ఆ కోతలో కూర్చుని ఉంది. కాలు అక్కడ పెట్టమని ఎవరూ చెప్పలేదు. నేనూ పెట్టాననుకోలేదు.

"గేరుబాక్సు నేలమీదుంది. బండి ఎక్కడికీ పోదు. అయినా నీ కాలు అక్కడే ఉంది" అన్నాడు.

మా అమ్మాయి చెప్పులు వెనక సీటు కింద పెట్టి ఉత్తకాళ్ళతో తోలుతుంది. లైటు నా కాలి మీదే పెట్టి ఉంచింది.

"రబ్బరు పాతది" అన్నాను.

"ఆఁ?" అన్నాడు. నేను బండి దిగిపోయాను.

ఆ ఇనప చక్రాన్ని ఎమిరీ కాగితంతో రుద్దాడు. తనే చెక్కుకున్న కర్ర కడ్డీని మధ్యలో దూర్చి కొత్త ప్లేటుని సరిగ్గా నడిమికి తెచ్చి, బోల్టులు మళ్ళీ ఎదురెదురుగా బిగించాడు. బేరింగూ మార్చాడు. సాయంత్రం నాలుగున్నరకి బండి జాకీల మీదనుంచి దిగింది. మూడో గేరు పరీక్ష మళ్ళీ పెడితే ఇంజను టక్కున ఆగిపోయింది.

తాళం చెవి పట్టుకుని అప్పుడు నా మొహంలోకి చూశాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. "ఎవరికివ్వమంటావు."

"అమ్మాయికివ్వు. కాల్చింది నేనే."

"ఆఁ?"

"కాల్చింది నేనే అన్నాను." ఈసారి ఎదురుగా టైర్ల కొట్టువాడు కూడా తలెత్తి చూశాడు.

ఇంటికొస్తుంటే రైలుగేటు మిట్ట మీద ఆగాం. అమ్మాయి హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు తీసి, రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టుకుంది. "గ్లాసుంటే పెట్టు నాన్నా, చుక్క తొణకదు" అంది. తొణికేది కాదు. అది నిజం. మర్నాడు పెట్టె వేళకి చేరింది, ఇప్పటికీ చేరుతూనే ఉంది.

అతను మంచి మెకానిక్కు. ఇది నేను రాతపూర్వకంగా ఇస్తున్నాను. మనిషి మాత్రం మారలేదు. ఆ కాలిన ప్లేటుని షెడ్డు గుమ్మానికెదురుగా మేకుకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ "ఇది మా బావ కాలు" అని చూపిస్తున్నాడు. తియ్యమని నాలుగుసార్లు వెళ్ళి చెప్పాను. వినపడలేదంటాడు. అతని చెవుడు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను నమ్మను.