బంక అలిగేదాకా

ఈ శ్రావణంలో మా వదిన పోయింది. పొద్దున్నే అన్న ఫోన్ చేసి, "చెల్లె, మీ వదిన లేస్తలేదే" అన్నాడు. పోయిందన్న మాట ఆయన నోట రాలేదు. నేను యూసుఫ్‌గూడ చేరేసరికి వాళ్ళ వాకిట్లో ఎవరెవరివో చెప్పులు. అవి చూశాకే నాకు అర్థమైంది.

జూబ్లీహిల్స్ ఇళ్ళలో పూజగది తలుపులకో, మాదాపూర్ కంపెనీల్లో క్యాబిన్లకో తెల్లటి ఈకలు పరిచినట్టుండే అద్దాలు మీరు చూసే ఉంటారు. అందులో కొన్ని మా వదిన చేసినవే. కృష్ణానగర్‌లో ఒక రేకుల షెడ్డు మా దుకాణం. అన్న సినిమాల్లో లైట్‌మ్యాన్. షూటింగులు ఉన్నా లేకపోయినా ఇల్లు గడవాలని వదిన ఈ పని మొదలుపెట్టి, ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడబిడ్డను నన్నూ లాక్కుపోయింది. గొణుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు అదే నా బతుకు, అదే నా ఇష్టం కూడా. ఆ రోజు ఆమె నా మాట వినకపోవడం నా అదృష్టం.

పని కాస్త వింతగానే ఉంటుంది. ఇసుకతో గరుకు చేయించిన అద్దం మీద, తోళ్ళు ఉడికించి చేసే బంకను వేడిగా పోస్తాం. అది ముందు ముంజెలా గడ్డకడుతుంది. తర్వాత మెల్లగా ఎండి, ముడుచుకుపోతూ, గాజును పెచ్చులుగా పీక్కుని టక్కుమంటూ పైకి లేస్తుంది. పెచ్చు ఊడిన చోట ఈకల ముగ్గు మిగులుతుంది. బంక అలా లేస్తే వదిన "అలిగింది" అనేది.

"అలకపాన్పు మీద కూసున్న అల్లుని లెక్కనే పిల్లా ఇది. ఉత్తచేతులతోని లేవది. ఏదో ఒకటి పట్టుకొనే లేస్తది."

వేసవిలో బాగానే అలిగేది. వానాకాలమే మాకు చుక్కలు చూపించేది. గాలిలో చెమ్మకు బంక రబ్బరులా సాగుతూ కూర్చునేది. ఒకసారి ఒక గృహప్రవేశానికి తలుపు అద్దం ఒప్పుకున్నాక ముసురు పట్టింది. అన్న ఊరుకోలేక ఫిల్మ్‌నగర్ నుంచి షూటింగ్ లైట్లు ఆటోలో వేసుకొచ్చాడు. "జర ఆగుండ్రి, ఎట్ల ఎండదో నేను సూస్త" అంటూ వెలిగించాడు. అద్దం ధగధగలాడింది. కాసేపటికి బంక పాకంలా కరిగి అంచుల మీంచి కారిపోయింది. వదిన ఆ కారేది చూసి, అన్నను చూసి, "ఏందయ్యా, నీ హీరోయినుకు మేకప్ కారుతుంది. ఇగ ప్యాకప్ చెప్పు" అంది. అన్న లైట్లు మళ్ళీ ఆటో ఎక్కించాడు.

మళ్ళీ బంక కాచి పోసింది వదిన. వేలు పెడితే సొట్ట పడనంత గట్టిపడేదాకా దాన్ని ఊరికే వదిలేసింది. అప్పుడు ఫ్యాను వేసింది, అదీ గోడకేసి తిప్పి. మూలల్లో బేసిన్లలో సున్నపు రాళ్ళు పెట్టింది. అవి చెమ్మ తాగి పొడి అయిపోతే కొత్తవి మార్చేది. తలుపు మూసి ఎవర్నీ తొంగిచూడనిచ్చేది కాదు. "ఎండబెట్టుడు కాదు పిల్లా, ఎండనియ్యాలె" అనేది. గృహప్రవేశానికి అద్దం అందింది.

మనుషులతోనూ అంతే. నేను అలిగితే బతిమాలేది కాదు. చాయ్ పక్కన పెట్టి, తలుపు దగ్గరకు వేసి పోయేది. అది చల్లారేలోపు నేనే ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఎవరెవరి తలుపులకో చేసింది గానీ, తన ఇంటి తలుపుకు మాత్రం మామూలు అద్దమే. పోయే ముందు రోజు, ఆర్డర్లు లేని తీరికలో, ఒక అద్దం మీద బంక పోసి "ఇది మనింటికి" అని మురిసిపోయింది. అది అలగకముందే ఆమె వెళ్ళిపోయింది.

మూడో రోజు వదిన పేరు మీద పిట్టకు ముద్ద పెట్టాం. ముద్ద ముట్టడానికి ఒక్క పిట్టా రాలేదు. "ఏం కోరిక ఉండెనో, మాటియ్యి బిడ్డా" అంది ఒక పెద్దమ్మ. అన్న తడుస్తూనే చేతులు జోడించి, "గా అద్దం మనింటికే బిగిస్త" అన్నాడు. ఆ మాటకు వచ్చిందో, వాన తెరిపిచ్చినందుకు వచ్చిందో, కాకి వచ్చింది.

అక్కడి నుంచి షెడ్డుకు వెళ్ళాను. బంక ఇంకా సాగుతూనే ఉంది. అది పాడైతే నేను మళ్ళీ పోయగలను, కానీ అప్పుడది ఆమె పోసింది అవదు. నాకు చాలా భయమేసింది. ఫ్యానును గోడకేసి తిప్పి, తలుపు వేసి, రోజూ బయట కాపలా కూర్చున్నాను. ఒక సాయంత్రం అన్న బరువైన సంచితో వచ్చాడు. మళ్ళీ లైటేదో తెచ్చాడనుకున్నాను. విప్పితే సున్నపు రాళ్ళు. ఇద్దరం బేసిన్లు నింపి, తలుపు వేసి బయటికొచ్చాం.

మర్నాడు రేకుల మీద వాన పడుతుండగా, లోపల టక్కుమంది. కాసేపాగి ఇంకోటి.

"అలిగిందే చెల్లె" అన్నాడు అన్న.

నేను తలుపు తీయబోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యి. పట్టుకొని లేవనియ్యి."

తలుపు బయటే కూర్చున్నాం. లోపల పెచ్చులు ఒక్కొక్కటే లేస్తున్నాయి.