దొరసాని బెల్టు

మా పక్కింటి తాత పోయిన సోమవారం చనిపోయాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. మాకు చుట్టం కాదు. అయినా మా నాన్న రెండోసారి పోయినట్టుంది నాకు.

నా బిడ్డకు పదేళ్లు. పుట్టినప్పుడే మెదడుకు గాలి అందలేదన్నారు డాక్టర్లు. కూర్చోబెడితే పక్కకు వాలిపోతుంది, మాట రాదు. ఏదైనా మళ్లీ కావాలంటే పక్కనున్నవాళ్లను అరచేత్తో రెండుసార్లు తడుతుంది. దానికున్న మాట అదొక్కటే. కోరుట్లలో మా పుట్టింటివాళ్లు దాన్ని పెళ్లిళ్లకు తేవద్దని చెప్పకుండానే చెప్పేవాళ్లు. తాత మాత్రం రోజూ గడప దగ్గరికొచ్చి, "ఏం దొరసానీ, గియ్యాల మొకం గట్ల పెట్టినవేంది?" అనేవాడు.

టీవీలో జెయింట్ వీల్ కనిపిస్తే చాలు, అది తట్టీ తట్టీ నా తొడ కందిపోయేది. రెండేళ్ల కిందటి ఎండాకాలం హైదరాబాద్ పక్కనున్న ఓ ఆటల పార్కుకు తీసుకెళ్లాను. మా ఆయన దుబాయిలో ఉన్నాడు కనుక తాత తోడొచ్చాడు. జెయింట్ వీల్ సంగతి దేవుడెరుగు, గుర్రాల రాట్నం దగ్గరే ఆపేశారు. సొంతంగా కూర్చోలేనివాళ్లను ఎక్కించరట. నాకు నోరు పెద్దది. లైనంతా తిరిగి చూసేలా అరిచాను.

తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊకో బిడ్డా. పోగు తెగితే సాంచా మీద అరుస్తమా? ఆపుతం, ముడేస్తం, మల్ల నడుపుతం."

ఆ మధ్యాహ్నమంతా రాట్నం పక్కనే నిలబడి గుర్రాలను, వాటి పట్టీలను కళ్లతో కొలిచాడు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆయన మీద కూడా కోపమొచ్చింది.

ఇంటికొచ్చాక తెల్లగుడ్డను మడతల మీద మడతలు పెట్టి, అంచుకు ఎర్రదారం వేసి ఒక బెల్టు కుట్టాడు. పిల్ల చంకల కింద నుంచి వచ్చి, వెనక కూర్చున్న మనిషి నడుముకు చుట్టుకునేది. గట్టిదనం చూడటానికి బియ్యం బస్తాను కట్టుకుని వాడంతా తిరిగాడు. ముసలాయనకు పిచ్చెక్కిందన్నారు. తర్వాత రోజూ సాయంత్రం నా బిడ్డను ఆ బెల్టుతో కట్టుకుని, అరుగు మీద ముందుకూ వెనక్కూ ఊగేవాడు. అలవాటు కావాలి కదా అనేవాడు.

పోయినేడు మళ్లీ వెళ్లాం. పార్కు పెద్దసారు బెల్టును లాగి లాగి చూసి, గుర్రాల రాట్నానికి మాత్రం సరేనన్నాడు. దిగగానే నా బిడ్డ తాత గుండె మీద రెండుసార్లు తట్టింది. ఏడుసార్లు ఎక్కారు. ఏడోసారి దిగి ఆయన చెట్టు పక్కకెళ్లి కక్కుకున్నాడు. నోరు తుడుచుకుంటూ, "దొరసాని సవారంటే మాటలా!" అన్నాడు.

జెయింట్ వీల్‌కు మాత్రం ఒప్పుకోలేదు. "అచ్చే ఎండకాలం ఎక్కుదం తల్లీ. నేనుంటగదా," అని తాత దాని తల నిమిరాడు.

ఏడాదిలో బిడ్డ పెరిగింది. బెల్టు కుట్లు విప్పి, పొడుగు పెంచి, ఆదివారం ఉతికి వాళ్ల వాకిట్లో దండెం మీద ఆరేశాడు.

సోమవారం పాడె కట్టేటప్పుడు తాడు చాలలేదు. కథలాపూర్ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు అటూ ఇటూ చూసి, "గీ పట్టీ గట్టిగున్నది," అంటూ దండెం మీది బెల్టు లాగాడు. తాత ఛాతీ మీదుగా చుట్టి ముడివేశాడు. అది నా బిడ్డదని చెప్పాలి. ఇంకెవరు కుట్టిపెడతారు అలాంటిది? ఊరందరితో కొట్లాడిన నోరు నాది, ఆ పూట మాత్రం పక్కకు జరిగి దారి వదిలాను.

నలుగురు లేపారు. భుజాల మీద పాడె ఊగింది. నేను ఎత్తుకుని నిలబడ్డ బిడ్డకు ఎర్రంచు కనబడింది. దానికి ఆ బెల్టు కట్టారంటే రాట్నమెక్కడమే. ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. ఏడుస్తున్నవాళ్లంతా తిరిగి చూశారు. నేను దాని నోరు మూయలేదు.

పాడె గల్లీ మలుపు తిరిగేదాకా అది నవ్వుతూనే ఉంది. కనబడకుండా పోయాక, నా భుజం మీద రెండుసార్లు తట్టింది.