సరిహద్దు దారిలో కారు ఆపినవాళ్లు

నేనూ నా భార్య సుధా అమెరికాలోని అరిజోనాలో మెక్సికో సరిహద్దుకు దగ్గరగా వెళ్తుండగా, సైనికుల దుస్తుల్లో తుపాకులు పట్టుకున్న ఇద్దరు మా కారు ఆపారు. సరిహద్దు పోలీసులే అనుకుని పాస్‌పోర్టులు ఇచ్చేశాం. వాళ్లు వీసాలు తిరగేసి చూసి పంపించారు.

తరువాతి ఊళ్లో పెట్రోలు కోసం ఆగిన గ్యాస్ స్టేషన్ దగ్గర ఒక పోలీసు అధికారి కనిపిస్తే సంగతి చెప్పాను.

“వాళ్లు ప్రభుత్వం మనుషులు కాదు. ఇక్కడివాళ్లే, సొంతంగా సరిహద్దు కాస్తుంటారు,” అన్నాడు.

“మమ్మల్ని ఆపే అధికారం వాళ్లకుందా?”

“లేదు. కానీ మంచివాళ్లే. మీకేం కాలేదుగా?”

సుధ నా చెయ్యి పట్టుకుంది. “కంప్లైంట్ ఎవరికి ఇవ్వాలో అడగండి,” అంది.

అడిగాను.

“నాకే,” అన్నాడాయన మర్యాదగా.

మా పేర్లయినా అడగలేదు. జాగ్రత్తగా వెళ్లండని చెప్పి, తన కారెక్కాడు. మేమిద్దరం ఎండలో అలాగే నిలబడిపోయాం.