నేల మీద నిలిచిన గ్యాస్

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో, రిటైర్మెంటు దగ్గరపడిన నాకు గోల్‌మురిలోని మా గ్యాస్ ఏజెన్సీ భుయ్యాడీహ్ పేటలో ఇళ్ళ తనిఖీ అప్పగించింది. హోదా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. సిలిండర్, రెగ్యులేటర్, పొయ్యికి వెళ్ళే రబ్బరు ట్యూబు సరిగ్గా ఉన్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి చూడాలి. ఎండలో మెట్లెక్కి దిగే ఉద్యోగానికి ఆ పేరు కాస్త ఎక్కువే.

ఆ రోజు ఉదయం నుంచి పేటలో కరెంటు లేదు. నేను వెళ్ళిన ఇల్లు సన్యాసిరావుగారిది. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడి ఉక్కు ప్లాంటులో గ్యాస్ లైన్ల ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సిలిండర్‌ని వంటగట్టు కింద తలుపుల అరలో పెట్టారు. ట్యూబును మధ్యలో కోసి, ఇత్తడి జాయింటు బిగించి, వెనక వరండాలో రెండో పొయ్యికి లైను లాగారు. ట్యూబుకి అతుకు ఉండకూడదు, సిలిండర్‌ని మూసిపెట్టకూడదు. ఆ మాటే చెప్పాను.

"ఏటి బాబూ, కోక్ ఓవెన్ గ్యాస్ లైన్లు బిగించినోణ్ణి. ఈ రబ్బరు గొట్టం నాకో లెక్కా?" అన్నారాయన.

వాసన రాలేదా అని అడిగాను.

"పొద్దున్న వచ్చింది. క్లిప్పు మళ్ళీ బిగించి, పై కిటికీ తీసేసినాను. ఎలిపోనాది."

ప్లాంటులో ఆయనెరిగిన గ్యాస్ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. వంటగ్యాస్ బరువు, నేల మీద పరుచుకుంటుంది. వంగి చూస్తే మోకాలి ఎత్తులోనే గుప్పుమని కొట్టింది. మూలన ఫ్రిజ్ ఉంది. కరెంటు రాగానే దానంతటదే నడుస్తుంది, అప్పుడు లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పక్క గదిలో ఆయన కోడలు పసిపాపను పక్కలో వేసుకుని చాప మీద నిద్రపోతోంది.

రెగ్యులేటర్ కట్టేసి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా వాళ్ళిద్దరినీ వీధిలోకి తీసుకెళ్ళమన్నాను.

"కరెంటే లేదు కదా, ఏటవుద్ది?"

వస్తే, అని ఫ్రిజ్ చూపించాను. సన్యాసిరావుగారు కోడల్ని లేపి, పాపను ఎత్తుకుని బయటికి నడిచారు. నేను వెనక తలుపు బార్లా తీసి, చుట్టూ తిరిగి వచ్చి, బయటి గోడకున్న కరెంటు మెయిన్ దించాను.

వీధిలో నిలబడ్డామో లేదో, పక్కింటి టీవీ మోగింది. కరెంటు వచ్చేసింది. పాప ఏడుస్తోంది. సన్యాసిరావుగారు పాపను కోడలికివ్వకుండా అలాగే పట్టుకుని, "ప్లాంటులో గ్యాస్ పైకే పోద్ది బాబూ" అన్నారు, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

గ్యాస్ పూర్తిగా పోయాక సిలిండర్‌కి మూత పెట్టాను, జాయింటు పీకేశాను, అతుకులేని కొత్త ట్యూబు వేశాను.

గ్యాస్ అంటే భయం ఉన్నవాళ్ళు వాసన రాగానే ఏజెన్సీకి కబురు చేస్తారు. పని చేతనైనవాళ్ళే సొంతంగా బాగుచేసుకుంటారు. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ట్యూబు చూడకముందే ఇంటాయన ఏం పని చేసేవారో అడిగేవాణ్ణి. ఫిట్టరంటే, ముందు వంగి నేల దగ్గర వాసన చూసేవాణ్ణి.