మూడో నంబరు మోచెయ్యి కోసం శాక్రమెంటో దాకా

ఆరేళ్లపాటు ఒక మనిషిని అన్యాయంగా తిట్టుకున్నానని నాకు కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో, మా మేనకోడలు లావణ్య ఇంట్లో, గోడంత టీవీ ముందు తెలిసింది. ఈ ప్రయాణానికి కారణం అదే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చదివింది ఎనిమిదో తరగతి. ముప్పై ఏళ్లకు పైగా ఆస్ట్రేలియాలో రైల్వే వర్క్‌షాపులో వెల్డింగు చేశాను, ఇప్పటికీ అక్కడే ఉంటాను. ఇంగ్లీషు నాకు బడి నేర్పలేదు, దినపత్రిక చివరి పేజీ నేర్పింది. ఆ పేజీలోనే నాకు రగ్బీ యూనియన్ దొరికింది. జట్టుకి పదిహేను మంది ఆడే ఆట అది. పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ వేరు. రెండూ ఒకటే కదా అనేవాళ్లతో నేను భోజనానికి కూర్చోను.

మా వైపు ఒక ప్రొఫెషనల్ జట్టు ఉండేది. దాని పేరు రాయను, రాస్తే కోపంతో ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది. దానికి మూడో నంబరు ఆటగాడు తేవిత. టోంగా మూలాలున్న కుర్రాడు, గుమ్మం పట్టనంత భుజాలు. ప్రాక్టీసు చూడ్డానికి వెళితే "అంకుల్, టీ తాగారా?" అని పలకరించేవాడు. మా జట్టు ఆఖరి మ్యాచ్‌లో, ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు, మా గోల్ గీత దగ్గర స్క్రమ్ పడింది. అంటే ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది వంగి, భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టుకోవడం. అది కూలిపోయింది. కూల్చింది తేవితే అని రెఫరీ మా మీద పెనాల్టీ ఇచ్చాడు. ఓడిపోయాం. నేను కంచె పట్టుకుని, "జట్టుని ముంచింది నువ్వే!" అని స్టాండంతా వినేలా అరిచాను. వాళ్లమ్మ నాకు పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. నెల తిరక్కుండా జట్టు మూసేశారు, ఆటగాళ్లు తలో దేశం పోయారు.

లావణ్య భర్త కిరణ్ పదిరోజుల క్రితం ఇంటర్నెట్‌లో తవ్వి, అదే మ్యాచ్‌ని అవతలి స్టాండు నుంచి ఎవరో ఫోనులో తీసిన వీడియో పట్టుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కో బొమ్మ ఆపుతూ చూపించాడు. అవతలి జట్టు ఒకటో నంబరువాడు తేవిత మోచెయ్యి పట్టి కిందికి లాగుతున్నాడు! రెఫరీ ఇటు పక్కన నిలబడ్డాడు, అతనికి కనబడలేదు. నాకూ కనబడలేదు. కానీ రెఫరీ ఈల మాత్రమే వేశాడు, నేను నోరు పారేసుకున్నాను.

"ఇప్పుడు ఆడుతున్నాడా ఈయన?" అన్నాడు కిరణ్, ఫోనులో వెతుకుతూ. "మావయ్యా! అమెరికాలోనే ఉన్నాడు. వచ్చే శనివారం శాక్రమెంటోలో మ్యాచ్. లాస్ట్ మ్యాచ్ అట, రిటైర్ అవుతున్నాడు. టికెట్స్ బుక్ చేసెయ్యనా?"

అడగాలా!

శనివారం ఉదయం ఎనిమిదింటికి లావణ్య మమ్మల్ని కార్లో పక్క ఊరు డబ్లిన్ స్టేషన్ దగ్గర దింపింది. చేతికో సంచి ఇచ్చింది: టమాటా పచ్చడి పూసి చుట్టిన చపాతీలు, రెండు మజ్జిగ సీసాలు. "మావయ్యా, అక్కడ ఎవరి మీదా అరవొద్దు, ప్లీజ్," అంది.

ఈ దారిన వెళ్లదలచినవారు గుర్తుంచుకోవలసింది ఒకటే. లోకల్ రైల్లో బే ఫెయిర్ దగ్గర దిగి రిచ్‌మండ్ బండి మారాలి. రిచ్‌మండ్‌లో అదే స్టేషన్లో పక్క ప్లాట్‌ఫారం మీదికి శాక్రమెంటో వెళ్లే పెద్ద రైలు వస్తుంది. సీనియర్లకు టికెట్‌లో తగ్గింపు ఉంది, అడిగి తీసుకోండి. వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, నీళ్లన్నీ అటే. మేము తొమ్మిదిన్నర దాటాక ఎక్కాం. పది నిమిషాల్లో కిటికీ కింద సముద్రపు పాయ మొదలైంది. పట్టాలకూ నీళ్లకూ మధ్య నాలుగు రాళ్లు, ఆ రాళ్ల మీద చేపలు పట్టేవాళ్లు.

కిరణ్ ముదురు నీలం హుడీ వేసుకున్నాడు. వీపు మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో 'స్క్రమ్ మాస్టర్' అని ఉంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ పనిని నడిపించేవాణ్ని అలా అంటారట, టీమ్‌వాళ్లు బహుమతిగా ఇచ్చారట. అది చూసి నా రక్తం మరిగింది.

"ఏం చేస్తారయ్యా మీ స్క్రమ్‌లో?"

"డైలీ పదిహేను నిమిషాలు మావయ్యా. అందరూ నిలబడి, నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, బ్లాకర్, అంటే పనికి అడ్డం, ఏమైనా ఉందా అని చెప్తారు."

"నిలబడా? నిలబడి చేసేది స్క్రమ్ ఎలా అవుతుందయ్యా! వంగాలి. మెడ పక్కన మెడ పెట్టాలి. చెవులు నలిగి ఉబ్బి కాలీఫ్లవర్లు అయిపోవాలి. మా మాట ఎత్తుకుపోయి కాఫీ కప్పు పట్టుకుని ఆడుతున్నారా?"

"మా ఆఫ్‌షోర్ టీమ్‌తో తొమ్మిదింటికి కాల్‌లో కూర్చుంటే మీకు తెలుస్తుంది, మెడలు ఎలా పట్టేస్తాయో," అన్నాడు నవ్వుతూ.

ఎదుటి సీట్లో అల్లిక పని చేసుకుంటున్న అమెరికన్ పెద్దావిడ మా గొడవ విని, ఏ ఆట గురించి అని అడిగింది. చెప్పాను. "మా ఫుట్‌బాల్ లాంటిదేనా?" అంది. "కవచాలు తీసేయండి, బంతిని ముందుకి విసరడం మానేయండి, మధ్యమధ్యలో ఆగి ప్రకటనలు వేయడం మానేయండి. అప్పుడు మాదవుతుంది," అన్నాను. ఆవిడ అల్లిక ఆపి, "నా భర్త ఆ ప్రకటనల కోసమే చూసేవాడు," అంది.

మార్టినెజ్ దగ్గర రైలు వంతెన ఎక్కింది. చపాతీలు తింటూ కిరణ్‌కి ఆస్ట్రేలియా కథంతా చెప్పాను, పాఠకులకూ చెప్పాలి. నేను వెళ్లిన కొత్తలో దేశానికి ఆడేవాడు సోమవారం పొద్దున పనికి పోయేవాడు. తొంభైల మధ్యలో ఆట ప్రొఫెషనల్ అయింది. మంచిదే, ఎముకలు విరగ్గొట్టుకునేవాడికి జీతం ఉండాలి. కానీ వచ్చిన డబ్బుని పైన పైనే పంచుకుని, సబర్బుల్లోని చిన్న క్లబ్బుల్ని గాలికి వదిలేశారు. ఖరీదైన ప్రైవేటు బడుల నుంచే ఆటగాళ్లు పుడతారనుకున్నారు. మిగతా బడుల పిల్లల్ని లీగ్‌వాళ్లు గడప దగ్గరే ఎత్తుకుపోయారు. ఆటని డబ్బు కట్టి చూసే చానెళ్లలో పెట్టి, ఎవరూ చూడట్లేదేమని ఆశ్చర్యపోయారు! ఉత్సాహంగా జట్లు తెరిచారు, అలవాటు పడ్డాక మూసేశారు. జపానుకో ఫ్రాన్సుకో పోయినవాడికి దేశం తరఫున ఆడాలంటే సవాలక్ష షరతులు పెట్టారు. ఇంత చేసినా, మా కుర్రాళ్లు సొంత గోల్ గీత దగ్గర బంతి పట్టి, తన్నేయకుండా, చేతులు మారుస్తూ పరుగెత్తడం మొదలుపెడితే నేను ఈ వయసులో కూడా కుర్చీ ఎక్కి నిలబడతాను. అలాంటి ఆట ఇంకెవరూ ఆడరు.

"మరి ఆయనకి ఏం చెప్తారు మావయ్యా?" అన్నాడు కిరణ్, డేవిస్ దాటాక.

పదిరోజులుగా అదే ఆలోచన. నా జన్మలో నాకంటే చిన్నవాడికి సారీ అనే మాట చెప్పి ఎరగను. మనవాళ్లలో పెద్దవాడు తప్పు చేస్తే "భోంచేశావా" అని అడుగుతాడు, అర్థం చేసుకోవలసింది చిన్నవాడే.

"పని అయ్యాక తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోడానికి మాకు రెట్రో అని మీటింగ్ ఉంటుంది," అన్నాడు. "అందులో రూల్ ఏంటంటే, మనిషిని బ్లేమ్ చేయకూడదు. ప్రాసెస్‌లో గ్యాప్ ఉంది అనాలి."

"నా నోట్లో ఉందయ్యా గ్యాప్! ప్రాసెస్ ఏమిటి?"

పదకొండుంబావుకి శాక్రమెంటో. స్టేషను పాత ఇటుకల కట్టడం, లోపల ఎత్తైన పైకప్పు, చల్లగా ఉంది. గంటసేపు కూర్చుని, సిటీ బస్సులో మైదానం చేరేసరికి ఒంటిగంటన్నర. రెండింటికి ఆట. కాలేజీ మైదానం లాంటిది, ఒకే పక్క స్టాండు. జనం వేలల్లో లేకపోయినా గొంతులు ఉన్నాయి.

ఇక్కడే మనవాళ్లకి మాత్రమే జరగగల పొరపాటు జరిగింది. గేటు దగ్గర అట్ట పట్టుకుని నిలబడ్డ వాలంటీరు అమ్మాయి కిరణ్ వీపు చూసింది.

"ఓ! స్క్రమ్ మాస్టరా మీరు?"

"అవునండీ," అన్నాడు కిరణ్, వినయంగా. "సర్టిఫైడ్. ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్."

"మరి ఈయన?"

"ఈయన నాకంటే సీనియర్."

"అయితే ఇటు కాదు, ఆ పక్క గేటు," అని తనే తీసుకెళ్లి, మైదానం అంచున జట్టు బల్లల వెనక నిలబెట్టింది. టికెట్‌తో ఇలాంటి మర్యాద కూడా వస్తుందేమో అనుకున్నాం. నేనైతే అమెరికా మీద అభిప్రాయం మార్చుకున్నాను.

తేవిత బయటికొచ్చాడు. గడ్డంలో తెలుపు, మోకాళ్లకు పట్టీలు, వీపు మీద అదే మూడు. నాకు ముప్పై అడుగుల్లో! కిరణ్ జబ్బ పట్టుకుని ఊపేశాను.

మొదటి సగం తేవిత జట్టు ముందుంది. రెండో సగంలో స్క్రమ్‌లు కూలడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ తేవితే కింద, ప్రతిసారీ పెనాల్టీ అవతలివాళ్లకే. వాళ్లు ముందుకెళ్లిపోయారు. ఎర్రగడ్డం అసిస్టెంటు కోచ్ చరచరా మా దగ్గరికి వచ్చి కిరణ్‌ని అడిగాడు. "నువ్వు స్క్రమ్ మనిషివట కదా! ఏం కనబడుతోంది నీకు?"

కిరణ్ ముఖం పాలిపోయింది. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "ముందు... బ్లాకర్ ఎవరో ఐడెంటిఫై చేయాలి సార్."

కోచ్ కళ్లు చిట్లించి మైదానం వైపు చూశాడు. "అడ్డం ఎవరంటావు?"

నేనిక ఆగలేదు. "ఆ ఒకటో నంబరు. అతని ఎడమచెయ్యి చూడు. మా వాడి మోచెయ్యి పట్టి కిందికి లాగుతున్నాడు. మీ రెఫరీ అవతల నిలబడ్డాడు, వాడికెలా కనబడుతుంది?"

కోచ్ నన్ను ఒక్క క్షణం చూసి, నీళ్లు మోసే అమ్మాయితో కెప్టెన్‌కి కబురు పంపాడు. కెప్టెన్ రెఫరీతో మర్యాదగా మాట్లాడాడు. తర్వాతి స్క్రమ్‌కి రెఫరీ ఇటు వచ్చి నిలబడ్డాడు. వంగారు. కలిశారు. నెట్టారు. ఈల! చెయ్యి తేవిత జట్టు వైపు లేచింది. నేను ఎగిరి గంతేశాను, సంచిలో మజ్జిగ సీసా పగిలింది, పట్టించుకోలేదు.

ఆ పెనాల్టీ కిక్ గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. రెండు పాయింట్లతో ఓడిపోయారు. ఆస్ట్రేలియా అభిమానికి ఇదేం కొత్త కాదు.

ఆట అయ్యాక కిరణ్ కోచ్ దగ్గరికి వెళ్లి నిజం చెప్పేశాడు. "సార్, నేను సాఫ్ట్‌వేర్. ఆ స్క్రమ్ వేరు. నాకు రగ్బీ పదిరోజుల క్రితం తెలిసింది." కోచ్ నడుం పట్టుకుని నవ్వి, తేవితని కేకేశాడు.

తేవిత నన్ను చూసి ఆగాడు. "అంకుల్?"

ఇంగ్లీషులో అనుకున్న వాక్యాలన్నీ పోయాయి. "ఆ రోజు అవతలివాడు నీ మోచెయ్యి లాగాడు, మొన్న వీడియోలో చూశాను. అప్పుడు చూడలేదు. చూడకుండానే అరిచాను. సారీ," అన్నాను. చెప్పడానికి అంత తక్కువసేపే పడుతుందని నాకు తెలియదు.

అతను ముఖాన మట్టి తుడుచుకున్నాడు. "ఆ రోజు రెఫరీకి చెప్పాను, కోచ్‌కి చెప్పాను, పేపరువాళ్లకి చెప్పాను. సాకులు చెబుతున్నానన్నారు. చూశానని చెప్పిన మొదటి మనిషివి నువ్వే," అన్నాడు. అని, ఫోను తీశాడు. "నా సంగతి సరే. అమ్మకి చెప్పు."

ఆస్ట్రేలియాలో అప్పటికి ఆదివారం పొద్దున. చర్చికి బయలుదేరుతున్న పెద్దావిడ, తల మీద తెల్ల టోపీ, తెర మీదికి వచ్చింది. జ్ఞాపకశక్తిలో నన్ను మించినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

"కంచె పట్టుకుని అరిచినవాడివి! పచ్చ మఫ్లరు!"

"అవునమ్మా. తప్పు నాదే."

"ఆ రోజు ఎంతమంది విన్నారు?"

"స్టాండంతా."

"మరి సారీ వీడొక్కడి చెవిలోనా?"

నేను కిరణ్ వైపు చూశాను. కిరణ్ అందుకున్నాడు. "ఆంటీ, మావయ్య తెలుగులో ట్రావెల్ ఆర్టికల్స్ రాస్తారు. చాలామంది చదువుతారు."

"అయితే రాయమను. వాడి పేరుతో సహా. నాకు తెలుగు చదవడం రాకపోతే మాత్రమేం, అచ్చులో ఎలా ఉందో చూస్తాను," అంది. ఫోను పెట్టేసింది.

ఆరుంబావు రైలు పట్టుకున్నాం. తిరుగు దారిలో కుడివైపు కూర్చోవాలి. ఎండ ఇంకా ఉంది, చిత్తడి నేలల మీద కొంగలు వాలుతున్నాయి. కిరణ్ ఫోనులో రగ్బీ నియమాలు చదువుతూ, పక్క సీట్లో సరుకుల సంచులతో కూర్చున్నాయనకి స్క్రమ్ అంటే వంగాలని వివరిస్తున్నాడు. పడిపోతే లేచి మళ్లీ వంగాలి, పడినవాడిదే తప్పని చూడకుండా అనకూడదు అని నా ముందే చెప్పాడు. నేను కిటికీలోకి చూశాను.

జట్టుని మూసినవాళ్ల మీద నా కోపం అలాగే ఉంది, ఉంటుంది. ఈ జన్మకి తగ్గదు. కానీ వాళ్లు మూసేసిన ఆటని మా వాడు పసిఫిక్ మహాసముద్రం దాటించి, పగిలిన మోకాళ్లతో, కాలేజీ మైదానంలో ఇవాళ మధ్యాహ్నం దాకా ఆడాడు. ఓడినా, నాకు ఇంత మంచి మ్యాచ్ ఈ మధ్య చూసిన గుర్తు లేదు. మార్టినెజ్ వంతెన వచ్చేలోపు కాగితం తీసి ఈ నాలుగు వాక్యాలు ముందు రాసుకున్నాను, మిగతాదంతా తర్వాత కూర్చి రాశాను:

తేవిత. మూడో నంబరు. ఆ రోజు స్క్రమ్ కూల్చింది అతను కాదు. అరిచింది మాత్రం నేనే.