నూనె మిల్లులో ఆగిపోయే కంప్యూటర్

కల్లూరు షేర్ ఆటోల్లో నాకెప్పుడూ డ్రైవర్ పక్కన సగం సీటే దొరుకుతుంది. ఆ రోజూ ఒక కాలు గాల్లో పెట్టుకునే ఓ నూనె మిల్లుకు చేరాను. కంప్యూటర్లు బాగుచేయడం నా పని.

అక్కడి కంప్యూటర్ మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతోందట. చేస్తున్న బిల్లులు ఎగిరిపోతున్నాయట.

"ఈ పిల్లే ఆపుతాందప్పా, బిరీన ఇంటికి పోవాలని. రుజువు చూపిచ్చు, ఈ పొద్దే పంపిచ్చేస్తా," అన్నారు ఓనర్ ఓబుల్‌రెడ్డి.

"నేను ముట్టుకోలేదు సార్," అంది ఆపరేటర్ సలోమి, తలెత్తకుండా.

నేను కమాండ్ విండో తెరిచి, పాత రీస్టార్ట్‌లన్నీ తేదీ, టైముతో చూపించే చిన్న స్క్రిప్ట్ రాశాను. వరస తెర మీదికొచ్చింది. అన్నీ సాయంత్రం దీపాలవేళే, సరిగ్గా ఆమె ఇంటికెళ్లే ముందే. ఒక ఆడపిల్ల ఉద్యోగం ఊడగొట్టే ఘనత నాకే దక్కేలా ఉంది.

ఎలా చెప్పాలా అని చూస్తుండగానే పొద్దు గూకింది. ఓబుల్‌రెడ్డి రోజూ చేసే పనిలాగే లేచారు. పగలంతా వెలిగే లైట్లకు దణ్ణం పెడితే చెల్లదని కాబోలు, మెయిన్ స్విచ్ దించి, మళ్లీ ఎత్తి, వెలిగిన లైట్లకు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కుయ్యిమంది. నా ముందున్న స్క్రీన్ నల్లబడింది.

కంప్యూటర్ లేచాక స్క్రిప్ట్ మళ్లీ నడిపాను. వరసలో కొత్త రీస్టార్ట్ చేరింది, ఆయన స్విచ్ దించి ఎత్తిన టైముతోనే. ఆయన దగ్గరికొచ్చి ఆ టైమునూ, మెయిన్ స్విచ్‌నూ మార్చి మార్చి చూశారు.

"సరేలేమ్మా, రేపు మామూలుగా రా," అన్నారు చివరికి.

ఉద్యోగం నిలబెట్టానని నేను లోలోపల పొంగిపోతుంటే సలోమి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నేను చెప్తే నమ్మలేదు, మిషన్ చెప్తే నమ్మినారు గదా సార్. ఇంగ బిల్లులు గూడా దాంతోనే రాపిచ్చుకోండి."