లోపలి గుడ్డ

మా ఇంట్లో బట్ట కత్తిరించేటప్పుడు నాది ఒకటే చట్టం. లోపలి గుడ్డ కొయ్యకూడదు. కుట్టు వేశాక పక్కలకు మిగిలే ఆ రెండు వేళ్ల వెడల్పు గుడ్డనే టైలర్లు మార్జిన్ అంటారు. దుకాణాల్లో దొరికే రెడీమేడ్ బట్టల్లో అది ఉందో లేదో తెలియదు, పిల్ల కాస్త ఒళ్లు చేయగానే గౌను మూలకు పోతుంది. నేను కుట్టిన బట్టకు ఆ గతి పట్టదు. కుట్లు విప్పి, లోపలి గుడ్డ బయటికి తీసి మళ్లీ కుడితే ఇంకో ఏడాది నడుస్తుంది. నా కూతురు ఐదో తరగతిలో నేను కుట్టిచ్చిన లంగా జాకెట్టు ఏడో తరగతి దాకా తొడుక్కుంది. పాత కుట్టు ఉన్న చోట రంగు వెలవక ముదురుగా ఒక గీత కనిపించేది. పక్కింటి వాళ్లు దాన్ని చూసి మూతి తిప్పుకునేవారు. నాకైతే ఆ గీతను చూస్తే పొగరు. పిల్ల పెరిగిందని నాకు చెప్పేది అదే.

మాది పాతబస్తీ హుస్సేనీ ఆలంలో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. తానుల చివర మిగిలిపోయిన ముక్కలు సంచిలో వేసుకొచ్చి నా ముందు పడేస్తాడు. వాటితో నేను చేయనిది లేదు. పాత చీరల అంచులతో తలుపులకు తెరలు, ఫ్రిజ్జు మీదికి కవరు, నీళ్ల క్యానుకు కుచ్చుల గౌను, గుమ్మానికి రంగురంగుల గుడ్డ తోరణం, చలికాలానికి బొంతలు. "మనింట్ల బట్ట తొడుక్కోనిది గోడ మీది గడియారం ఒక్కటే. దాని కొలతలు గూడ తీసుకున్నవా?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ అనుకునేదాన్ని. ఎందుకూ పనికిరాని పేలికలకు మంచం కింద ఒక గోనెసంచి ఉంది. అందులో వేయడమే గానీ పారేయడం నా చేత కాదు.

ఈ ఇంట్లో బట్ట కాలింది ఒక్కసారే. మా ఆడబిడ్డ టీబీతో పోయినప్పుడు. అప్పటికి మా అత్త బతికే ఉంది. జబ్బు బయటపడ్డ నాటి నుంచి ఆడబిడ్డకు కంచం వేరు, గ్లాసు వేరు, పడక వసారాలో. నలుగురూ చూస్తారన్న సిగ్గుతో ఆమె దవాఖానకు పోవడం మానేసింది. ఆమె పోయాక అత్త ఆమె చీరలన్నీ వాకిట్లో కుప్ప పోసి అగ్గిపుల్ల గీసింది. నేను అడ్డం పడ్డాను. "ఉడకబెట్టి ఎండకేస్తె సాలు గద అత్తా, బంగారమసొంటి బట్టలు" అని మొత్తుకున్నాను. అత్త వినలేదు. నా కూతురు అప్పుడు చిన్నది. నా కొంగు పట్టుకుని ఆ మంటనే చూస్తూ నిలబడింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన గురించి చాలా రోజులు అడిగింది. పనిలో పడి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు.

అదే పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది.

చలికాలం పోయాక ఒక రోజు, గల్లీలో అందరం పిన్నమ్మ వరసగా ఖాలా అని పిలిచే ఎదురింటి ముసలామె వచ్చింది. ఖాలా కుర్తాలకు, దుపట్టాలకు అంచులు కుట్టిచ్చేది నేనే. పిల్ల మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి పోగానే ఖాలా నా మోచెయ్యి పట్టుకుంది. "ఛోకరీ సూఖ్ గయీ బేటీ, ఖాతీ నై క్యా?" అంది. పిల్ల ఎండిపోయింది, తింటోందా లేదా అని. నాకు ఒళ్లు మండింది. నా బిడ్డ తిండి గురించి నన్నే అడుగుతుందా అనుకున్నాను. ఎండిపోతే బట్టలు వదులవ్వాలి కదా. పిల్లను వెనక్కి పిలిచి ఖాలా ముందే నిలబెట్టాను. నేను కుట్టిన కుర్తా భుజాల దగ్గర, నడుము దగ్గర అచ్చు గుద్దినట్టు ఉంది. "జూడు ఖాలా, ఎక్కడన్న లూజుందా? పొడుగైతుంది పోరి, గంతే" అన్నాను. ఖాలా దుపట్టా సర్దుకుని లేచింది.

ఆమె వెళ్లాక ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు ఘాటు రావని మా నమ్మకం. పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని, వంగిపోయి దగ్గింది. ఇంత ఘాటు వచ్చిందంటే దిష్టి లేదన్నమాట అని నేను సంబరపడ్డాను. ఇది తలుచుకుంటే ఇవాళ్టికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

బోనాల పండుగ దగ్గర పడింది. పోయినేడు కుట్టిన ఆకుపచ్చ లంగాఓణీ ఉంది. ఎలాగూ ఏడాదికోసారి కుట్లు విప్పాలి కదా, జాకెట్టు ఈ ఏడాదికి సరిచేద్దామనుకున్నాను. "వద్దమ్మా, సరిపోతుంది, దాన్ని ముట్టుకోకు" అని పిల్ల రెండు మూడుసార్లు అంది. అంత గట్టిగా వద్దంటే నేను ఆగే మనిషిని కాను. పిల్ల కాలేజీకి వెళ్లిన ఒక మధ్యాహ్నం జాకెట్టు తీసి తిరగేశాను.

నా మిషను కుట్టు ఎక్కడ వేశానో అక్కడే ఉంది. దానికన్నా లోపలగా, ఒంటివైపు, ఇంకో కుట్టు ఉంది. చేత్తో వేసింది. సన్నగా, సమంగా, చివర రెండు ముళ్లు. ముడి రెండుసార్లు వేయమని ఎండాకాలం సెలవుల్లో నేర్పింది నేనే. మిషను తొక్కితే నాకు వినిపిస్తుందని సూదితో కుట్టింది.

పెట్టెలో ఉన్న బట్టలన్నీ నేల మీద పోశాను. ఒక్కొక్కటీ తిరగేశాను. కాలేజీ కుర్తాకు రెండు వరసలు. తెల్లదానికి మూడు. మొదటి వరస బట్ట రంగు దారంతోనే వేసింది, తర్వాత ఏ దారం దొరికితే దానితో వేసింది. ప్రతి వరసా ముందుదానికన్నా లోపలికి జరిగింది. నేను కొలతలు తీయకుండానే నా బిడ్డ కొలతలు నాకు తెలిసిపోయాయి. లోపలి గుడ్డ మాత్రం ఎక్కడా కొయ్యలేదు. మడిచి, ఒత్తి, ఎత్తుగా కనిపించకుండా పైన కుట్టి దాచింది.

చివరికి నీలం కుర్తా చేతికొచ్చింది. ఉగాదికి పాత కొలతలతోనే నేను కుట్టింది. దాని లోపల గుడ్డ లేదు. రెండు పక్కలా కుట్టు దాకా కత్తెరతో కోసేసి ఉంది.

నా కూతురు నా చట్టం మర్చిపోయే పిల్ల కాదు. మళ్లీ ఒళ్లు చేస్తానని అనుకున్నన్నాళ్లు గుడ్డను దాచుకుంటూ వచ్చింది. నీలం కుర్తా దగ్గరికి వచ్చేసరికి ఇక అది అవసరం రాదనుకుంది. ఆ బట్టల మధ్యలో కూర్చుని, పిల్ల వచ్చేదాకా లేవలేకపోయాను.

వచ్చింది. నేల మీది బట్టలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందే ఇది?" అన్నాను.

"లూజయినయమ్మా."

"ఎందుకు లూజయినయ్?"

లేచి వెళ్లి నడుము పట్టుకున్నాను. పక్కటెముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. కొట్టడానికి చెయ్యెత్తాను గానీ ఎక్కడ కొట్టాలో తెలియలేదు.

"ఎప్పట్సంది?"

"దసరా సంది. సాయంత్రమైతె జెరమొస్తది. మొన్నట్సంది దగ్గితె నెత్తురు వడ్తుంది."

"నాకెందుకు చెప్పలేదే? నేను సచ్చిననుకున్నవా?"

"మేనత్తకొచ్చిందే నాకొచ్చిందేమో అనుకున్న. చెప్తె నా కంచం గూడ వేరే పెడ్తరు గద." బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ ఇంకాస్త మెల్లగా అడిగింది. "నా బట్టలు గూడ కాలవెడ్తరా అమ్మా? అన్ని నువ్వు కుట్టినయే."

నేను ఏడ్చిన ఏడుపుకు ఖాలా ఎదురింటి నుంచి పరుగెత్తుకొచ్చింది.

మర్నాడే సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. పరీక్షలన్నీ చేశాక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి టీబీ అని చెప్పింది. నెలల తరబడి ఒక్క రోజు కూడా తప్పకుండా మాత్రలు వేసుకుంటే తగ్గుతుందట. కంచాలు వేరు చేయనక్కర్లేదు, దగ్గేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటే చాలు అంది. ఆ తర్వాత పిల్ల బరువు రాసిన కాగితం చూసి ఆమె మొహం మారింది.

"ఇంత తగ్గేదాంక ఏం చేసిండ్రమ్మా? బట్టలు లూజయితయ్ కదా, చూస్కోలేదా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను నేలను చూశాను. బట్టలు లూజు కాలేదని ఆమెకు ఏ మొహంతో చెప్పను? నా బిడ్డకు అంత బాగా కుట్టు నేర్పానని చెప్పనా?

మాత్రలు మొదలయ్యాక ఇంకా కష్టమైంది. పొద్దున మింగినవి మింగినట్టే కక్కేది. మూత్రం ఎర్రగా వస్తే నెత్తురనుకుని ఇద్దరం హడలిపోయాం. మందు వల్ల అట్లా వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, మాకు గుర్తుంటేగా. అన్నం ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేది. బతిమాలాను, తిట్టాను, ఒట్లు వేయించాను. మా ఆయన దుకాణం నుంచి రాగానే గడప మీద కూర్చుని "ఫికర్ చెయ్యకు, నయమైతది" అనేవాడు. నాతో అంటున్నాడో వీధితో అంటున్నాడో తెలిసేది కాదు. మెత్తని మల్లు గుడ్డతో పిల్ల మూతికి కట్టుకునేవి కుట్టాను. వాటి అంచుకు లేసు కూడా వేశాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? బోనాల డప్పులు మా గల్లీలోంచే పోయాయి. ఆకుపచ్చ లంగాఓణీ మడిచింది మడిచినట్టే ఉండిపోయింది. అమ్మవారికి ఏమని మొక్కానో ఇక్కడ రాయను. అట్లా బేరమాడితే ఏ దేవతకైనా కోపం వస్తుంది.

పోయిన వారం దవాఖానలో మళ్లీ బరువు చూశారు. పెరగలేదు. ఇంకాస్త తగ్గింది. మందు పని చేయడానికి టైం పడుతుంది, తిండి పెట్టండి అంది డాక్టరమ్మ. ఈసారి ఆమె నా కళ్లలోకి చూడలేదు. ఆటోలో పిల్ల నా భుజం మీద తల పెట్టుకుంది. భుజం మీద మనిషి ఉన్నట్టే లేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక పిల్ల అంది, "అమ్మా, నీలం కుర్తా మల్ల లూజయింది. సూది ఇయ్యి, గుంజి కుడత."

నాకేమైందో తెలియదు. మంచం కింది గోనెసంచి లాగి గది నిండా కుమ్మరించాను. ఏళ్ల నాటి పేలికలు. మా అత్త రవిక ముక్కలు, పిల్ల బారసాల గౌను ముక్కలు, ఎవరెవరివో అంచులు. మోకాళ్ల మీద కూర్చుని నీలం కుర్తా నుంచి కోసేసిన లోపలి గుడ్డ కోసం వెతికాను. నా కూతురు నా కూతురే కదా, కోసినా పారేసి ఉండదు. ఒక పక్కది దొరికింది. రెండోది ఎంత వెతికినా లేదు. "ఏం దేవులాడ్తున్నవ్?" అని మా ఆయన గుమ్మంలోంచి అడిగాడు. తలెత్తి చూస్తే ఆయన తల మీద తోరణం. అందులో ఎర్రదానికీ పసుపుదానికీ మధ్య సన్నటి నీలం పేలిక వేలాడుతోంది. జబ్బు సంగతి తెలియకముందు, పండుగకు ఇల్లు కళగా ఉండాలని, దేనిదో చూసుకోకుండా సంచిలోంచి తీసి నా చేతులతో నేనే కుట్టాను. ఇన్నాళ్లూ దాని కిందినుంచే పోతూ వస్తూ ఉన్నాను.

స్టూలెక్కి తోరణం తెంపేశాను. నీలం పేలికను విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి మిషను ముందు కూర్చున్నాను. నీలం కుర్తా తిరగేసి, కోసేసిన చోట ఆ రెండు ముక్కలనూ మళ్లీ అతికాను. పిల్ల మొదట అటు తిరిగి పడుకుంది. తర్వాత మిషను చప్పుడుకు ఇటు తిరిగింది. దానికి కుట్టు నేర్పింది నేనే కాబట్టి, నా కుట్టుకు తప్పు పట్టకుండా ఉండలేకపోయింది.

"అమ్మా, గట్ల అతికితె అతుకు బయటికి కనవడ్తది."

"ఎప్పుడు కనవడ్తది? నువ్వు ఒళ్లు చేసినంక, కుట్లు విప్పినంకనే గద. కనవడనీ. గల్లీల అందరు చూడనీ. ముందుగాల నువ్వు ఆ అతుకు దాంక రా బిడ్డా."